రూట్ కెనాల్ అయినా నొప్పి తగ్గలేదు, తెలిసినవాళ్లు చెప్పండి

కవిటి తీరం (రాత్రి 9:50)

సాయంత్రం నుంచి ఫోన్‌లో వెతుకుతూనే ఉన్నాను. ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు, బుర్ర పనిచేయడం లేదు. మా నాన్నగారికి శ్రీకాకుళంలో రూట్ కెనాల్ చేయించాం. క్యాప్ కూడా వేసేశారు. మత్తు దిగిన దగ్గర్నుంచి ఒకటే నొప్పి. అన్నం నమలలేకపోతున్నారు, ఆ పంటికి పైపన్ను ఆనితే చాలు విలవిల్లాడిపోతున్నారు. రూట్ కెనాల్ అంటే నరం తీసేయడమే కదా, నరం లేని పంటికి నొప్పేమిటి? క్లినిక్‌కి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఇంకో చోటికి తీసుకెళ్లాలా, పీకించేయాలా? ఇది ఎలా చేస్తారో, చేశాక ఎలా ఉంటుందో ముందే ఎవరూ చెప్పలేదు.

విజయనగరం డెంటల్ (10:02)

ఏ పన్ను? పైదా, కిందదా? ఎప్పుడు చేశారు? ఎన్ని సిట్టింగులు అయ్యాయి? వాపు, జ్వరం ఉన్నాయా? ఎక్స్-రే ఉంటే పెట్టండి.

బొబ్బిలి కోట (10:07)

పీకించేయండి బాబూ. వేలకు వేలు పోసి చచ్చిన పన్నును నోట్లో ఉంచుకోవడం ఎందుకు? మా ఇంట్లో ఇద్దరికి పీకించాం, మర్నాటికి నిమ్మళం. పైపన్ను అయితే మాత్రం పీకించకండి, కళ్లకి దెబ్బ.

విజయనగరం డెంటల్ (10:11)

పైపన్ను పీకితే కళ్లు పోవు. చూపు నరం వేరు, పంటి నరం వేరు. ఆ భయంతోనే చీము పట్టిన పళ్లను ఏళ్ల తరబడి అలాగే ఉంచేసుకుంటున్నారు. పీకడం అన్నిటికంటే సులువు, కానీ దవడ పన్ను పోతే పక్కది ఆ ఖాళీలోకి ఒరుగుతుంది, ఎదుటిది కిందికి దిగుతుంది. నిలబెట్టుకోగలిగిన పన్నును నిలబెట్టుకోవడమే మేలు.

పాలకొండ మేష్టారు (10:20)

నాయనా, మీ నాన్నగారు చుట్ట కాలుస్తారా? తీరం అన్నావు కాబట్టి అడుగుతున్నాను. అక్కడ ఇప్పటికీ పెద్దవాళ్లు అడ్డచుట్ట కాలుస్తారు, ఆడవాళ్లు మరీను. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని గంటలు గంటలు పని చేసుకుంటారు. ఆ వేడికి అంగిలి తెల్లగా పాలిపోతుంది, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు తేలతాయి, కొందరికి అదే క్యాన్సర్ అవుతుంది. మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో పది వేల మందికి పైగా నోళ్లు పరీక్షించి 1971లో విదేశీ వైద్య పత్రికలో అధ్యయనం అచ్చు వేశారు. ప్రపంచానికి తెలిసిన ఆ సంగతి మన ఊళ్లలో గడప గడపకీ చెప్పేవాడు లేడు. పన్ను చూపించుకోవడానికి వెళ్లినప్పుడైనా అంగిలి చూడమని అడగండి. అద్దం ముందు నోరు తెరిచి టార్చి వేస్తే ఇంట్లో కూడా కనిపిస్తుంది. మానని పుండు రెండు వారాలు దాటి ఉంటే ఆలస్యం చేయకూడదు. పొగ తాగేవాళ్లకి చిగుళ్లు కూడా త్వరగా మానవు.

రాజాం గృహిణి (10:31)

తమ్ముడూ, నాకు ఈమధ్యనే అయింది, నేను చూసింది చెబుతాను. భయపడొద్దు.

ముందు చిగుట్లో మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. కింద దవడ అయితే బాగా లోపలికి, నోటి చివర ఇస్తారు. కాసేపటికి సగం పెదవి, నాలుక ఒక పక్క మొద్దుబారిపోతాయి. నాకు మొదటి ఇంజెక్షన్ సరిగ్గా పట్టలేదు, డ్రిల్ తగలగానే కుర్చీలోంచి లేచినంత పనయింది. చెయ్యెత్తితే డాక్టరమ్మ ఆపి ఇంకోటి ఇచ్చింది. చీము, మంట బాగా ఉన్న పంటికి మత్తు అంత త్వరగా ఎక్కదట. ఓర్చుకోవాలని ఊరుకోకండి, చెయ్యెత్తండి.

తర్వాత పంటి చుట్టూ నీలం రబ్బరు షీటు బిగించారు. పన్ను ఒక్కటే పైకి కనబడుతుంది, నీళ్లూ మందులూ గొంతులోకి పోవు. పైనుంచి కన్నం చేసి, రంగు రంగుల పిడులున్న సన్నటి సూదుల్లాంటి ఫైళ్లు లోపల తిప్పుతూ గీకారు. మధ్యమధ్య ఒక మందు పోసి కడిగారు, బ్లీచింగ్ వాసన గుప్పుమంది. ఫైలుకి వైరు తగిలించి, పెదవికి ఒక కొక్కెం వేస్తే మిషను బీప్ బీప్ మంటుంది. వేరు కొస ఎక్కడుందో అలా తెలుస్తుందట. నొప్పి తెలీదు గానీ అంతసేపు నోరు తెరిచి ఉంచడానికి దవడ లాగేసింది. ఎక్స్-రే కోసం నోట్లో పెట్టే పలక నాలుక కింద గుచ్చుకుంటుంది, నాకు అదే ఎక్కువ ఇబ్బంది.

మత్తు దిగడానికి రెండు, మూడు గంటలు పట్టింది. ఆ లోపు ఏదీ తినకూడదు, తెలియకుండా బుగ్గ కొరికేసుకుంటాం. ఆ రాత్రీ మర్నాడూ నొప్పి ఉంది, తర్వాత రోజురోజుకీ తగ్గింది. అన్నం రెండో పక్క నమిలాను.

కవిటి తీరం (10:44)

అక్కా, చాలా థ్యాంక్స్. నాన్న చుట్ట మానేసి చాలా కాలమైంది మేష్టారూ. పన్ను కింద కుడివైపు, చివరి నుంచి రెండోది. నిన్న మధ్యాహ్నం చేశారు. జ్వరం లేదు. బుగ్గ కొంచెం బరువుగా ఉందంటున్నారు. ఎక్స్-రే మాకు ఇవ్వలేదు, వాళ్ల కంప్యూటర్‌లోనే చూపించారు. వచ్చే బుధవారం మళ్లీ రమ్మన్నారు. క్యాప్ మాత్రం తెల్లగా ఉంది, ఒక మూల కొంచెం రాలింది కూడా. ఇంత నాసిరకం క్యాప్ వేస్తారా?

విజయనగరం డెంటల్ (10:48)

అది క్యాప్ కాదు, తాత్కాలిక సిమెంట్. మీకు మొదటి సిట్టింగే అయింది.

బొబ్బిలి కోట (10:52)

మేము దాన్నే క్యాప్ అంటాం. ఏ పేరైతేనేం, డబ్బు తీసుకుని పని సగంలో వదిలేశారు కదా.

విజయనగరం డెంటల్ (11:03)

ఇక్కడ పేరు ముఖ్యమే. క్యాప్ వేసేశారు, పని అయిపోయింది అనుకుని చాలామంది రెండోసారి రారు. ఆ సిమెంట్ కొన్ని వారాలకే అరుగుతుంది, లోపలికి ఉమ్మి చేరుతుంది, మళ్లీ చీము పడుతుంది. అప్పుడు రూట్ కెనాల్ పనికిరాదని మాట పడేది మేమే.

ఇలా చెబితే అర్థమవుతుందేమో. మొదట లోపల శుభ్రం చేసి, క్రిములు చావడానికి కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి సిమెంట్‌తో మూస్తారు. మళ్లీ వెళ్లినప్పుడు ఆ మందు తీసి, గట్టా పెర్చా అనే రబ్బరు లాంటి పుల్లలతో వేర్ల కొసల దాకా నింపుతారు. దాని మీద గట్టి ఫిల్లింగ్. ఆ తర్వాతే పన్ను చెక్కి, కొలత తీసుకుని క్యాప్ వేస్తారు. చీము లేని పన్నయితే శుభ్రం చేయడం, నింపడం ఒకే సిట్టింగులో అయిపోవచ్చు. మీ నాన్నగారిది కింద దవడ పన్ను. దానికి మామూలుగా రెండు వేర్లు, మూడు నాలుగు కాలువలు ఉంటాయి, పని ఎక్కువ.

నరం తీశాక నొప్పేమిటని అడిగారు. నరం తీసేది పంటి లోపల్నుంచి. వేరు చుట్టూ ఎముకకి పట్టి ఉంచే పొర ఉంటుంది, దానికీ నరాలున్నాయి. ఫైళ్లు తిప్పినందుకూ, మందు తగిలినందుకూ అది రేగుతుంది. అందుకే పన్ను ఆనితే నొప్పి. రెండు మూడు రోజులు ఉంటుంది, కొందరికి వారం. రోజురోజుకీ తగ్గుతుంటే కంగారు లేదు. సిమెంట్ కొంచెం ఎత్తుగా ఉన్నా ఇలాగే ఉంటుంది, అప్పుడు నోరు మూయగానే ముందు ఆ పన్నే తగులుతుంది. రేపు వెళ్లి అరగదీయించండి. దానికి మత్తు కూడా అక్కర్లేదు.

సోంపేట కొబ్బరి (11:10)

బాబూ, కవిటి అన్నావు. ముందు ఇది చెప్పు. నాన్నకి ఏ నొప్పి మాత్ర వేస్తున్నారు? కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, ఎప్పుడు చూపించారు?

కవిటి తీరం (11:16)

క్లినిక్‌లో రాసిచ్చింది ఒకటి. దానికి తగ్గకపోతే మెడికల్ షాపులో అడిగితే ఇంకోటి ఇచ్చారు, దాని మీద డైక్లోఫెనాక్, పారాసెటమాల్ అని ఉంది. రెండూ వేస్తున్నాం. క్లినిక్ స్ట్రిప్ మీద ఐబుప్రొఫెన్ అని ఉంది. క్రియాటినిన్ సంక్రాంతి ముందు 2.4 వచ్చింది, పలాసలో చూపిస్తున్నాం. పంటి డాక్టరుకి ఆ సంగతి చెప్పలేదు. పంటికీ కిడ్నీకీ సంబంధం ఏమిటన్నయ్యా?

సోంపేట కొబ్బరి (11:19)

ఆపు. ఆ రెండు మాత్రలూ ఇప్పుడే ఆపేయ్. రాత్రి వేయాల్సింది కూడా వేయకు.

ఊరూరా కిడ్నీ జబ్బున్న మన ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట వైపు, ఇది చెప్పీ చెప్పీ గొంతులు పోయాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అన్నీ ఒక జాతి మందులే. కిడ్నీలోకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. బాగున్నవాడికి నాలుగు రోజులు వేస్తే ఏమీ తెలీకపోవచ్చు, 2.4 ఉన్నవాడికి ఉన్న కిడ్నీ కాస్తా పోతుంది. ఒంటి నొప్పులకీ, కాళ్ల నొప్పులకీ షాపులో అడిగి మింగి డయాలసిస్ దాకా వచ్చినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. మీరు ఒకటి కాదు, రెండు వేస్తున్నారు.

విజయనగరం డెంటల్ (11:27)

సోంపేటవారు చెప్పింది అక్షరాలా నిజం. ఈ మాట మొదటి పోస్టులోనే ఉండాల్సింది, పంటి కంటే ఇది పెద్ద సంగతి.

ఇలాంటివారికి నొప్పికి మామూలుగా ముందు వాడేది ఒట్టి పారాసెటమాల్. ఎంత, ఎన్నిసార్లు అన్నది పలాస డాక్టర్‌ని అడగండి. షాపు మాత్రలోనూ అది ఉంది కాబట్టి ఇవాళ ఇప్పటికే ఎంత లోపలికి వెళ్లిందో లెక్క చెప్పండి. యాంటీబయాటిక్ ఇచ్చి ఉంటే దాని పేరూ చెప్పండి, కొన్నింటికి కిడ్నీని బట్టి మోతాదు తగ్గించాలి. క్రియాటినిన్ మళ్లీ ఎప్పుడు చేయించాలో కూడా ఆయన్నే అడగండి. మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా, ఆయాసం వచ్చినా ఆగకుండా తీసుకెళ్లండి.

రూట్ కెనాల్ ఆపక్కర్లేదు. మామూలు మత్తు ఇంజెక్షన్ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకీ ఇస్తాం. చీము ఒంట్లో ఉండటమే వాళ్లకి చెరుపు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లయితే డయాలసిస్ అయిన మర్నాడు రమ్మంటాం, డయాలసిస్ రోజున రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి రక్తం ఆగడం కష్టం. బుధవారం వెళ్లినప్పుడు కిడ్నీ, బీపీ, షుగర్ మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి. రక్తం పలచబరిచే మందు ఉంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి.

బుగ్గ బరువు మీద కన్నేసి ఉంచండి. వాపు పెరిగి మెడ కిందికి దిగినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, జ్వరం వచ్చినా బుధవారం దాకా చూడకండి. రాత్రయినా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

పాలకొండ మేష్టారు (11:34)

లవంగ నూనె దూదితో పెట్టవచ్చా డాక్టరుగారూ? మా చిన్నప్పుడు అదే మందు.

విజయనగరం డెంటల్ (11:36)

సిమెంట్‌తో మూసిన పంటికి పనిచేయదు, చిగురు కాలుతుంది. గోరువెచ్చని ఉప్పునీళ్లు మెల్లగా పుక్కిలించి ఉమ్మేస్తే చాలు. ఉప్పునీళ్లు మింగకూడదు, ఆయనకి ఉప్పు పడదు.

బొబ్బిలి కోట (11:41)

ఉద్దానం కిడ్నీలకి కారణం ఆ నీళ్లే. నీళ్లు మార్చకుండా మాత్రలని అంటే ఏం లాభం?

సోంపేట కొబ్బరి (11:46)

నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోవడం అన్నారు. ఎందరో వచ్చి పరీక్షించారు, ఇదీ అని ఇప్పటిదాకా తేల్చలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు, కాస్త దగ్గరైంది. కారణం తేలేదాకా మన చేతిలో ఉన్నది మాత్ర మింగకపోవడమే కదా. మెడికల్ షాపులవాళ్లయినా కవిటి, కంచిలి, మందస వాళ్లొచ్చి నొప్పి మాత్ర అడిగితే కిడ్నీ ఎలా ఉందని ఒక్క మాట అడగొద్దా?

బొబ్బిలి కోట (11:50)

అడగాలి. అందులో మీరన్నది ఒప్పుకుంటాను. నీళ్ల సంగతి మాత్రం వదలను.

నిర్వాహకులు (11:58)

నీళ్ల చర్చకి వేరే పోస్టు పెట్టండి. ఇక్కడ అడిగింది పంటి గురించి.

రాజాం గృహిణి (మర్నాడు ఉదయం 7:15)

తమ్ముడూ, నాన్నగారికి ఎలా ఉంది? రాత్రంతా అదే ఆలోచన. అంబలి, మెత్తటి అన్నం ఏదైనా పలాస డాక్టరు చెప్పిన పథ్యం ప్రకారమే పెట్టు. జంతికలు, జీడిపప్పు లాంటి గట్టివి అసలొద్దు, క్యాప్ పడేదాకా పన్ను చిట్లిపోతుంది. నాకు తెలిసినావిడకి అలాగే నిలువునా చీలి, చివరికి పీకాల్సి వచ్చింది.

కవిటి తీరం (మధ్యాహ్నం 1:40)

పలాసలో మాట్లాడాం. రెండు మాత్రలూ ఆపించి ఒట్టి పారాసెటమాల్ రాశారు, రేపు రక్తం ఇమ్మన్నారు. పంటి క్లినిక్ కూడా తెరిచారు, సిమెంట్ ఎత్తుగానే ఉందని కొంచెం అరగదీశారు. ఇప్పుడు పన్ను ఆనిస్తున్నారు. బస్సులో ఉన్నాం. అందరికీ థ్యాంక్స్.

సోంపేట కొబ్బరి (1:52)

రిపోర్టు వచ్చాక నంబరు ఇక్కడ పెట్టు బాబూ.

రాజాం గృహిణి (3:05)

సంతోషం. డాక్టరుగారూ, పనిలో పనిగా ఒకటి అడుగుతాను. నాకు క్యాప్ లోహం మీద పింగాణీ వేసిందా, జిర్కోనియానా అని అడుగుతున్నారు. రేటు చాలా తేడా ఉంది. వెనక దవడ పన్నే, బయటికి కనబడదు. ఏది వేయించుకోమంటారు?

బొబ్బిలి కోట (3:20)

కనబడని పంటికి ఒట్టి లోహం చాలదా?

రాజాం గృహిణి (6:48)

డాక్టరుగారూ, చూశారా?