సిర్రోసిస్‌లో జింక్ మాత్ర: అందరికీ రాయాల్సిందేనా?

వార్డు_రౌండ్స్: సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడే జబ్బు) వల్ల రక్తంలో అమ్మోనియా పేరుకుని మాటిమాటికీ మగతలోకి జారే రోగికి, విరేచనమయ్యేలా చేసే లాక్టులోజ్‌తో పాటు జింక్ కూడా ఇవ్వాలన్నది నా వాదన. ఒంట్లో చేరిన నీరు దిగడానికి ఇచ్చే ఫ్యూరోసిమైడ్ మాత్ర మూత్రంలో జింక్‌ని కూడా బయటికి పంపేస్తుంది. జింక్ తగ్గితే అమ్మోనియాని యూరియాగా మార్చే పని మందగిస్తుంది. జింక్ సల్ఫేట్ 220 మి.గ్రా. గుళికలో అసలు జింక్ 50 మి.గ్రా. రోజుకొకటి, మూడు నెలలు ఇస్తే తప్పేంటి?

ల్యాబ్_బెంచ్: లోపం ఉందని ఎలా తేల్చారండీ? రక్తంలో జింక్ ఎక్కువ భాగం ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కి అంటుకుని తిరుగుతుంది. కాలేయం చెడి ఆల్బుమిన్ డెసిలీటరుకి 2.2 గ్రాములకి పడిపోతే జింక్ అంకె కూడా పడుతుంది. ఇన్ఫెక్షన్ ఉన్నా పడుతుంది. ఇక నమూనా సంగతి: ముదురు నీలం మూత ట్యూబులో, పరగడుపున తీయాలి. మామూలు ట్యూబుల రబ్బరు మూత నుంచి జింక్ దిగుతుంది. సూది సరిగా పడక ఎర్రకణాలు చితికితే వాటిలోని జింక్ బయటికొచ్చి లోపాన్ని కప్పేస్తుంది. ఏదో ఒక ట్యూబులో పంపేసి, రిపోర్టు తేడాగా వచ్చిందని మా మీద కేకలేస్తారు.

వార్డు_రౌండ్స్: నేనడిగింది ట్యూబు రంగు గురించి కాదు సార్.

కొత్త_సభ్యుడు: మల్టీమినరల్ మాత్ర ఇస్తే సరిపోదా?

మందులచీటీ: వద్దు. లేబుల్ చదవండి, చాలావాటిలో మాంగనీస్ ఉంటుంది. అది పైత్యరసంతోనే బయటికి పోవాలి. కాలేయం చెడితే మెదడు లోపల గ్లోబస్ పాలిడస్ అనే భాగంలో పేరుకుంటుంది, ఎమ్మారై స్కాన్ టీ1 చిత్రాల్లో తెల్లగా మెరుస్తుంది. జింక్ కూడా తేదీ లేకుండా రాయకూడదు. అది పేగు కణాల్లో మెటలోథయోనిన్ అనే ప్రోటీన్‌ని పెంచుతుంది. ఆ ప్రోటీన్ రాగిని పట్టేసుకుంటుంది, కణం రాలినప్పుడు రాగి మలంలో పోతుంది. ఒంట్లో రాగి పేరుకునే విల్సన్ జబ్బుకి మనం కోరుకునేది అదే. మిగతావాళ్ళకి నెలల తరబడి సాగితే రాగి లోపించి రక్తహీనత, న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) తగ్గడం, కాళ్ళ తిమ్మిర్లు, నడకలో తూలడం. వాటినీ లివర్ జబ్బు ఖాతాలోనే వేస్తారు.

వార్డు_రౌండ్స్: మూడు నెలలన్నాను కదా! మీరెవరూ మగతలో ఉన్న మనిషి గురించి మాట్లాడరేం?

పోషకాహారం_విశాఖ: నేను మాట్లాడతాను. జింక్ ఎక్కువగా దొరికేది మాంసం, గుడ్లు, పప్పుల్లో. కామెర్ల పథ్యమంటూ అవన్నీ మాన్పించి చారన్నం పెడతారు. మీ డిశ్చార్జి చీటీల్లో కూడా 'ప్రోటీన్ తగ్గించాలి' అనే ఉంటుంది. తిండిలోంచి తీసేసింది మీరే, గుళికలో తిరిగిచ్చేదీ మీరే.

వార్డు_రౌండ్స్: పప్పు పెట్టమని చెప్పాక మళ్ళీ మగతొస్తే ఇంటివాళ్ళు నిలదీసేది నన్ను, మిమ్మల్ని కాదు!

పోషకాహారం_విశాఖ: అదీ అసలు సంగతి. మీ భయం కోసం రోగి కండ కరిగిపోతోంది. కాలేయం వదిలేసిన అమ్మోనియాని గ్లుటమిన్‌గా మార్చేది ఆ కండే. కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డుకి 6 గ్రాములే వస్తాయి కాబట్టి పప్పు, పెరుగు, పాలు కలిపి ఐదారు విడతల్లో పెట్టాలి. రాత్రి పడుకోబోయే ముందు 50 గ్రాముల పిండిపదార్థం ఉండే చిరుతిండి తప్పనిసరి. ఉప్పు ఒక్కటే తగ్గించాలి.

మందులచీటీ: లాక్టులోజ్ రోజుకి రెండు మూడు మెత్తటి విరేచనాలయ్యేలా సర్దితే పప్పు తిన్నంత మాత్రాన మగత రాదు. మగతొచ్చిన చాలామందిలో చూడాల్సింది మలబద్ధకం, ఇన్ఫెక్షన్, మోతాదు ఎక్కువైన నీరు దింపే మాత్రలు.

వార్డు_రౌండ్స్: పథ్యం మాన్పించేసరికి నెలలు పడుతుంది. అంతదాకా జింక్ ఆపను.

పోషకాహారం_విశాఖ: ఆపొద్దు. ఆపే తేదీ వేసి, దాని కిందే 'గుడ్లు రెండు, రెండు పూటలా పప్పు' అని మీ చేత్తో రాయండి. నేను చెబితే తలూపి వెళ్ళిపోతారు, డాక్టరు చీటీలో ఉంటే వండుతారు.