సమస్యాపూరణం: "చచ్చిన తరువాత గాని సవ్వడి రాదే"

నిర్వాహకుడు: ఈసారి కందపద్యం. పై వాక్యమే నాలుగో పాదం, ముందరి మూడు పాదాలూ మీరు పూరించాలి. విషయం గిలిగిచ్చ. వానలకు గట్ల మీద మొలిచి, నీలం పూలు పూసి, కాయ ముదిరాక ఎండిపోయే మొక్క, మన జనుముకి దగ్గరి చుట్టం. కాయ బూరెలా ఉబ్బి ఉంటుంది, ఎండాక లోపలి గింజలు విడిపోయి గలగలమంటాయి. కందగడ్డా, చాటువూ, బీడుభూమీ, ఆటవెలదీ, కానివ్వండి.

కందగడ్డ:
పచ్చగ నున్నన్నాళ్ళును
నిచ్చలు మౌనమ్ము దాల్చి నిలిచెడు కాయే
వచ్చిన గాలికి గలగల!
చచ్చిన తరువాత గాని సవ్వడి రాదే

బీడుభూమి: నడక బాగుంది గానీ కాయ ఎండిందని ఎక్కడుందండీ, గాలి పచ్చికాయని ఊపినా మోగదు కదా? మూడో పాదం "విచ్చక యెండిన గలగల" అని చూడండి. విచ్చితే గింజలు రాలిపోతాయి, ఇంక మోతెక్కడిది!

కందగడ్డ: "విచ్చక" అదిరింది, తీసేసుకున్నా.

చాటువు:
మెచ్చరు జీవించినపుడు
పచ్చని గిలిగిచ్చవంటి కవులను జనముల్
రచ్చలఁ గీర్తించెద రిక
చచ్చిన తరువాత గాని సవ్వడి రాదే

నిర్వాహకుడు: తమ్ముడూ, రెండో పాదంలో ప-క యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరడం) చెల్లదు. "కవులను" బదులు "ప్రతిభను జనముల్" అంటే సరిపోతుంది. అయినా పోయాక పొగడ్తలన్న ఊహ ఎన్ని సభల్లో విన్నామో లెక్కే లేదు, పైగా ఇందులో గిలిగిచ్చ తీసేసి ఇంకే మొక్క పేరు పెట్టినా పద్యానికి నష్టం లేదు, అదీ నా బాధ.

బీడుభూమి: నాదొకటి.
పుచ్చిన కాయలు పలుకవు
నచ్చిన గింజలను పురుగు నమిలిన కతనన్
పచ్చివి యసలే పలుకవు
చచ్చిన తరువాత గాని సవ్వడి రాదే

ఆటవెలది: పురుగు ఎందుకొచ్చింది మధ్యలో?

బీడుభూమి: నిజంగానే వస్తుందండీ. తెల్ల రెక్కల మీద ఎరుపు, నలుపు చుక్కలుండే చిన్న చిమ్మట ఒకటుంది, దాని గొంగళిపురుగు కాయకి కన్నం పెట్టి లోపలికి దూరి గింజలు తినేస్తుంది. ఈ జాతి గింజల్లో విషం ఉంటుంది, తింటే పశువుల కాలేయం పాడవుతుంది. ఈ పురుగు మాత్రం ఆ విషాన్నే ఒంట్లో దాచుకుని శత్రువుల నోటికి చేదవుతుంది. అలాంటి కాయని చెవి దగ్గర ఊపి చూడండి, ఉలుకూ పలుకూ ఉండదు.

నిర్వాహకుడు: నా ఓటు దీనికే. "పలుకవు" రెండుసార్లు రావడం కూడా కుదిరింది. రెండో పాదం మూడో గణం నలం (నాలుగు లఘువులు), జగణమే (లఘువు, గురువు, లఘువు) కావాలని ఎవరూ తగువుకి రావద్దు, అక్కడ రెండూ చెల్లుతాయి.

చాటువు: మరి నా "ప్రతిభను"?

నిర్వాహకుడు: యతి సరే, మొక్కని తెచ్చి మళ్ళీ రాయి.