అమెరికా ఎమ్మెస్‌కి పొలం తాకట్టు పెట్టాలా? ఇప్పటి వీసా రూల్స్ చూసి చెప్పండి

గుణుపూరు నాన్న: మా అబ్బాయికి అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చింది, ఆగస్టులో చేరాలి. నలభై లక్షలు కావాలి. బ్యాంకువాళ్లు తాకట్టు అడుగుతున్నారు. కాశీనగర్ దగ్గర, వంశధార పక్కన నాన్నగారి పొలం ఉంది. హెచ్1బీకి (అక్కడ ఉద్యోగం చేసుకునే వీసా) లక్ష డాలర్లు అని విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్. మా తమ్ముడు వద్దంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

బరంపురం బాబాయ్: వద్దు బాబూ. 2025 సెప్టెంబరు 19న ట్రంప్ సంతకం పెట్టాడు. కొత్త హెచ్1బీకి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. అప్పుడే చదువు ముగించిన కుర్రాడి మీద ఏ కంపెనీ అంత పోస్తుంది? పొలమూ పోతుంది, కుర్రాడూ ఖాళీ చేతులతో తిరిగొస్తాడు.

పర్లాకిమిడి అక్క: బాబాయ్ గారూ, మీరు సగమే చెప్పారు. ఆ డబ్బు అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త పిటిషన్లకి. అక్కడే చదువుకుని, అక్కడి నుంచే ఎఫ్1 (చదువు వీసా) మీద నుంచి హెచ్1బీకి స్టేటస్ మార్చుకునేవాళ్లకి వర్తించదని ఇమిగ్రేషన్ శాఖ అక్టోబరు 20న స్పష్టంగా రాసింది. నేను డల్లాస్‌లో ఉంటాను. ఇలాంటి సగం వార్తలకి భయపడి సీట్లు వదులుకున్న పిల్లలు నాకు తెలుసు.

బరంపురం బాబాయ్: స్టేటస్ మార్పు తిరస్కరిస్తే? అప్పుడు కట్టాలా, వద్దా?

పర్లాకిమిడి అక్క: తిరస్కరిస్తే కట్టాలి. పిటిషన్ తేలకముందే దేశం దాటినా కట్టాలి. ఆమోదం వచ్చాక ఇంటికొచ్చి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ వేయించుకుంటే మాత్రం అక్కర్లేదు.

బరంపురం బాబాయ్: కట్టాలనేగా తేలింది. నేను మొదటి నుంచీ అదే అంటున్నాను.

ఛత్రపురం చిన్నోడు: జర్మనీ గురించి ఎవరూ మాట్లాడరేంటి? బ్లూ కార్డు (డిగ్రీ ఉన్నవాళ్లకి ఇచ్చే ఉద్యోగ పర్మిట్) మీద 27 నెలలకి పర్మనెంట్ రెసిడెన్సీ. జర్మన్ భాషలో బీ1 స్థాయి వస్తే 21 నెలలే. గవర్నమెంటు యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజే లేదు.

పర్లాకిమిడి అక్క: నాన్నగారూ, మీరు భయపడాల్సింది లక్ష డాలర్లకి కాదు, హెచ్1బీ లాటరీకి. ఏడాదికి 65,000 వీసాలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి ఇంకో 20,000. 2026 నుంచి లాటరీలో జీతం స్థాయిని బట్టి పేరు వేస్తున్నారు. నాలుగో స్థాయి జీతమైతే నాలుగుసార్లు, మొదటి స్థాయైతే ఒక్కసారే. కొత్త కుర్రాళ్లకి దెబ్బ ఇక్కడే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సైతే ఓపీటీ (చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసుకునే అనుమతి) 12 నెలలు, దానిపైన 24 నెలలు. ఆ మూడేళ్లలో అప్పు ఎంత తీరుతుందో లెక్కేసుకోండి. హెచ్1బీ రాకపోయినా ఫర్వాలేదు అనుకోగలిగితేనే పంపండి.

రాయగడ రవి: ముందు కెనడా పౌరసత్వం తెచ్చుకుని తర్వాత అమెరికా వెళ్తే గ్రీన్‌కార్డు లైను తప్పించుకోవచ్చు కదా?

పర్లాకిమిడి అక్క: కుదరదు తమ్ముడూ. లైను చూసేది పాస్‌పోర్టుని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. అందులో భార్యాపిల్లల్ని కూడా లెక్కేస్తారు. ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదని పరిమితి. 2025 అక్టోబరు వీసా బులెటిన్‌లో ఇండియా ఈబీ2 (మాస్టర్స్ స్థాయి ఉద్యోగాల గ్రీన్‌కార్డు) తేదీ 2013 ఏప్రిల్ 1. అంటే పన్నెండేళ్ల కిందట దరఖాస్తు పెట్టినవాళ్ల వంతు అప్పుడు నడుస్తోంది.

బరంపురం బాబాయ్: అంతా అబద్ధం. మా తోడల్లుడి కొడుకు ఇండియన్ పాస్‌పోర్టువాడే. వాడికి రెండేళ్లలో వచ్చింది గ్రీన్‌కార్డు. నేను పెళ్లిలో వాణ్ణే అడిగాను.

పర్లాకిమిడి అక్క: ఎక్కడ పుట్టాడు?

బరంపురం బాబాయ్: కువైట్‌లో. వాళ్ల నాన్న అక్కడ పనిచేసేవాడు. అయితే ఏంటి?

పర్లాకిమిడి అక్క: అందుకే వచ్చింది. వాణ్ణి కువైట్ లెక్కలో వేశారు. భార్య వేరే దేశంలో పుట్టినా ఆ దేశం లెక్కలో పెట్టుకోవచ్చు. గుణుపూరులో పుట్టిన పిల్లాడికి ఆ కువైట్ దారి లేదు.

బరంపురం బాబాయ్: చూడమ్మా, నువ్వు అక్కడ ఏసీలో కూర్చుని మాకు చట్టాలు చెప్తున్నావు. వెళ్లినవాళ్లందరూ ఇలాగే చెప్తారు. ఇక్కడ మీ అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లేది ఎవరు?

పర్లాకిమిడి అక్క: మా అమ్మ జోలికి రాకండి. మా పెదనాన్న కొడుకు చూసుకుంటున్నాడు, ఆ రుణం నేను తీర్చలేను. పోయిన ఏడాది రావాల్సింది, స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ దొరక్క ఆగిపోయాను. నాకేం సుఖంగా ఉందనుకుంటున్నారా?

రాయగడ రవి: బాబాయ్, ఆవిడ మీద ఎందుకంత కోపం? ఆవిడ సమాచారమే కదా ఇస్తున్నారు.

బరంపురం బాబాయ్: కోపం ఎందుకో చెప్తాను. మా అన్నయ్యని పంపడానికి ఉమ్మడి పొలం అమ్మాం. నేను డిగ్రీ మధ్యలో ఆపి కొట్టు పెట్టాను. అమ్మకి పక్షవాతం వస్తే నేనూ నా భార్యా చూశాం. నాన్న పోయినప్పుడు అన్నయ్య వీడియోలో చూశాడు. వాడిది హెచ్1బీ రెన్యువల్, రాలేని పరిస్థితి, నాకు తెలుసు. కానీ ఆ పొలంలో నా వాటా ఏదని ఇరవై ఏళ్లలో ఒక్కసారి అడగలేదు వాడు. రూల్ మారినా మారకపోయినా ఇక్కడ ఉండిపోయినవాడికి ఏం మిగిలింది? ఈయన తమ్ముడు వద్దంటున్నాడంటే నాకు అర్థమవుతుంది. మీకెవరికీ కాదు.

పర్లాకిమిడి అక్క: అది మొదటే చెప్పాల్సింది బాబాయ్ గారూ. మీకు జరిగింది అన్యాయమే. కానీ లక్ష డాలర్ల పేరు చెప్పి ఈ పిల్లాణ్ణి ఆపడం కూడా అన్యాయమే. నాన్నగారూ, తమ్ముడు వద్దనేది అమెరికానా, తాకట్టునా?

గుణుపూరు నాన్న: తాకట్టు. వాడికి ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ల చదువులకి ఈ పొలమే దిక్కు అంటాడు.

బరంపురం బాబాయ్: మీకు అక్కచెల్లెళ్లు ఉన్నారా?

గుణుపూరు నాన్న: ఒక చెల్లెలు. పలాసలో ఉంటుంది. ఈ విషయం తనకింకా చెప్పలేదు.

పర్లాకిమిడి అక్క: అది పూర్వీకుల ఆస్తి అయితే హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ ప్రకారం ఆమెకీ సమాన హక్కు ఉంది. ఆమె సంతకం లేకుండా ఏ బ్యాంకు ఒప్పుకుంటుంది?

బరంపురం బాబాయ్: పట్టా ఎవరి పేర ఉంది?

గుణుపూరు నాన్న: నాన్నగారి పేరే. ఆయన పోయాక మార్పించలేదు.

బరంపురం బాబాయ్: అయితే ముందు తహసీల్ ఆఫీసుకి వెళ్లి మ్యుటేషన్‌కి పెట్టండి. ముగ్గురి పేర్లూ రాయించండి, తమ్ముడికి ఎంత, చెల్లెలికి ఎంత అన్నది కాగితం మీద పెట్టండి. వీసా సంగతి ఆ అమ్మాయి చూసుకుంటుంది.

పర్లాకిమిడి అక్క: ఆగస్టుకి అది పూర్తవ్వదు. యూనివర్సిటీకి ఈ రోజే రాసి, సీటు జనవరికి వాయిదా వేస్తారేమో అడగండి. ఐ20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం) మళ్లీ కొత్త తేదీతో ఇస్తారు.

ఛత్రపురం చిన్నోడు: జర్మనీకైతే అంత తాకట్టే అక్కర్లేదు. ఎవరైనా చదివారా నేను రాసింది?