కృష్ణా అభయారణ్యంలో మడ అడవి పెంచే ప్రాజెక్టు: ఎక్కడ మొదలుపెట్టాలి?

పటమట_అమ్మాయి:
అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పని చేస్తున్నాను, ఇన్నాళ్ళూ బళ్ళలో పర్యావరణ కార్యక్రమాలు చూసేదాన్ని. ఇప్పుడు ఒక కంపెనీ సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే) డబ్బుతో నాగాయలంక, సొర్లగొంది వైపు మడ అడవి పెంచే పని మా సంస్థకి వచ్చేలా ఉంది, నడిపే బాధ్యత నాకిచ్చారు. కంపెనీ అడుగుతున్నది ఒకటే, మార్చి 31 లోపు 50 వేల మొక్కలు నాటి ఫోటోలు, లెక్కలు పంపాలి. బావురు పిల్లుల (చేపలు పట్టి తినే అడవి పిల్లుల) కోసం కొన్ని కెమెరాలు కూడా పెట్టాలని నా కోరిక. పర్మిషన్లు ఎవరి దగ్గర తీసుకోవాలి, కూలీలని ఎక్కడినుంచి తేవాలి, అసలు ఈ 50 వేల టార్గెట్‌కి ఒప్పుకోవచ్చా? రాత్రిళ్ళు నిద్ర పట్టనంత టెన్షన్‌గా ఉంది, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

రిటైర్డ్_ఫారెస్ట్:
ఒప్పుకోకమ్మా. ముందు అక్కడ మడ ఎందుకు లేదో తెలుసుకో. విత్తనం లేక కాదు, తెల్ల మడ, నల్ల మడ కాయలు ఏటా నీళ్ళలో కొట్టుకొచ్చి, పోటూ ఆటూ సరిగ్గా ఆడే చోట మనిషి చెయ్యి పడకుండానే లేస్తాయి. బోడిగా ఉన్న చోట్ల సంగతి వేరు. వెనకటి రోజుల్లో కూపులు వేసి, అంటే అడవిని భాగాలుగా విడగొట్టి వంతులవారీగా, నరికేశాక నేల ఎండి కుంగి పల్లమైంది, పోటుకి ఎక్కిన ఉప్పునీరు ఆటుకి బయటికి పోదు, అక్కడే నిలబడి ఎండకి ఆవిరైపోతుంది, అలా ఏళ్ళ తరబడి ఉప్పు పేరుకుపోయింది. పైగా ప్రకాశం బ్యారేజీ దిగువకి వరదల్లో తప్ప మంచినీళ్ళు పెద్దగా రావు కాబట్టి ఆ ఉప్పుని కడిగేది కూడా లేదు. అలాంటి నేలలో ఎన్ని నాటినా వేసవి దాటవు.

చెయ్యాల్సింది కాలవలు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా ఫౌండేషన్ వాళ్ళు 1990ల చివరి నుంచి అటవీ శాఖతో, ఊళ్ళవాళ్ళతో కలిసి కృష్ణా, గోదావరి మడల్లో ఈ పద్ధతే చేశారు. పాయ నుంచి ఒక పెద్ద కాలవ తీసి, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలవలు కలుపుతారు, చేపముల్లు ఆకారంలో ఉంటుంది. రోజూ పోటుకి నీళ్ళెక్కి ఆటుకి దిగుతుంటే ఉప్పు కడుక్కుపోతుంది. కాలవ తవ్వడం ఎండాకాలంలో, నాటడం వానలు పడి ఉప్పు తగ్గాక, అదీ కాలవ గట్టు వాలు మీద, పోటు నీళ్ళు తగిలే ఎత్తులో. ఆ తర్వాత కాలవలు పూడిపోతాయి, పూడిక తీయించాలి. ఈ పూడిక ఖర్చు నేను చూసిన ఏ ప్రతిపాదనలోనూ లేదు, అందుకే గట్టిగా చెబుతున్నాను, బడ్జెట్‌లో మొదట అదే రాయి.

పర్మిషన్ సంగతి. అభయారణ్యంలోకి వచ్చే నీటిని, పోయే నీటిని మళ్ళించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ కిందికి వస్తుంది. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిట్ ఉండాలి, ఆ పని వన్యప్రాణుల మేలుకే అని రాష్ట్ర ప్రభుత్వం వన్యప్రాణి బోర్డుతో సంప్రదించి తేల్చుకున్నాకే అది వస్తుంది. మీ సంస్థ సొంతంగా జేసీబీ దింపితే కేసే. డీఎఫ్‌ఓ (డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసర్) గారిని కలిసి ఈ పని వాళ్ళ మేనేజ్‌మెంట్ ప్లాన్‌లో ఉందో లేదో అడుగు, ఉంటే శాఖ చేతే చేయించి మీరు డబ్బు, మనుషులు, పర్యవేక్షణ చూసుకోండి. బావురు పిల్లి షెడ్యూల్ 1 జంతువు, అంటే ఆ చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చే జాబితాలోది. కెమెరాలకి 28వ సెక్షన్ కింద వేరే పర్మిట్ కావాలి, ఆ దరఖాస్తు ఈ నెలలోనే పెట్టెయ్యి.

గుంటూరు_ఆడిట్:
మార్చి 31 గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఇలాంటి ప్రాజెక్టులు పాడైపోయేది ఎక్కువగా ఈ తేదీ దగ్గరే. డబ్బు ఫిబ్రవరిలో వస్తుంది, ఖర్చయిపోవాలంటారు, చేతికందిన మొక్క నాటేస్తారు. కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఆ తేదీలోపే అంతా ఖర్చయిపోవడం తప్పనిసరేమీ కాదండి. మీ పనిని వాళ్ళ బోర్డు ‘ఆన్‌గోయింగ్ ప్రాజెక్టు’గా (ఏడాది దాటి కొనసాగే పనిగా) ఆమోదిస్తే, ఖర్చు కాని డబ్బుని ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో అన్‌స్పెంట్ సీఎస్‌ఆర్ ఖాతాలో వేసి, 3 ఆర్థిక సంవత్సరాల్లోపు వాడుకోవచ్చు. సంతకం పెట్టకముందే ఈ మాట ఒప్పందంలోకి ఎక్కించండి, తర్వాత అడిగితే ఎవరూ వినరు. వాయిదాల చెల్లింపు కూడా నాటిన మొక్కల లెక్కన వద్దు, తవ్విన కాలవ పొడవు, రెండు వేసవులు దాటాక బతికున్న మొక్కలు, ఈ రెండిటి లెక్కన పెట్టించండి.

దివిసీమ_కుర్రాడు:
అక్కా, కూలీలని ఎక్కడినుంచో తేవద్దు. పాయల్లో పీతలు, చేపలు పట్టుకుని బతికే యానాది కుటుంబాలు ఉన్నాయి. ఏ పల్లంలో నీళ్ళు నిలుస్తాయో, ఏ పాయ ఎప్పుడు పూడిందో వాళ్ళకి తెలిసినట్టు ఏ మ్యాపూ చెప్పదు. కాలవ గీత గీసేటప్పుడే వాళ్ళని పక్కన పెట్టుకోండి, తవ్వడానికి మాత్రమే పిలిస్తే సగం ఉపయోగం పోయినట్టే. కూలి వారం వారం ఇచ్చెయ్యండి, బిల్లు పాసయ్యాక ఇస్తామంటే రెండో వారం ఎవరూ రారు, చేపల వేట మానుకుని వస్తారు కదా, ఆ రోజు పొయ్యి వెలగాలి.

ఇంకోటి, గేదెలు. లేత మడ ఆకు కనిపిస్తే వదలవు. కంచె వేస్తే ఊళ్ళో గొడవ, ముందే గేదెల వాళ్ళతో కూర్చుని మూడేళ్ళు ఎటు మేపాలో మాట్లాడుకోవాలి. మా తాతల తరం 1977 నవంబర్ 19 ఉప్పెన చూసింది, సొర్లగొంది మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. మడ ఎందుకు కావాలో మా పెద్దవాళ్ళకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు, అడిగితే వాళ్ళే చెబుతారు.

పటమట_అమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్. 50 వేలు అన్న అంకె తీసేసి హెక్టార్లు, కాలవలు, పూడిక, బతికిన మొక్కలు అని కొత్త ప్రతిపాదన రాస్తున్నాను, కంపెనీ ఒప్పుకోకపోతే ప్రాజెక్టు వద్దని మా డైరెక్టర్ గారితో కూడా చెప్పాను. తమ్ముడూ, ఒక్క భయం ఉంది. మేం పని మొదలుపెట్టాక ఆ కారణం చెప్పి పీతలు పట్టేవాళ్ళని లోపలికి రానివ్వకపోతే?

దివిసీమ_కుర్రాడు:
ఆ భయం వాళ్ళకీ ఉంది అక్కా. అందుకే ఎవరు ఏ పాయలో ఏ నెలల్లో వేటాడతారో పేర్లతో సహా ముందే రాయించి, గ్రామ కమిటీ తీర్మానంతో అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. వేటకి దారి మూసెయ్యకూడదన్నది డీఎఫ్‌ఓ గారితో మొదటి మీటింగ్‌లోనే మాట్లాడాలి. మీటింగ్‌కి వాళ్ళలో ఇద్దరిని, ఒకరు ఆడమనిషి అయితే మంచిది, వెంట తీసుకెళ్ళండి, ఆ రోజు కూలి కూడా లెక్కలో రాయండి. మా వైపు ఎప్పుడు వస్తారో చెప్పండి, పోటు వేళ చూసి పడవ మాట్లాడి పెడతాను.