సెప్టెంబర్ 4: ఒక్కరోజు కార్యక్రమం వల్ల ప్రయోజనం ఉందా?

గోరింట
సెప్టెంబర్ 4న జరిపే ప్రపంచ లైంగిక ఆరోగ్య దినాన్ని వరల్డ్ అసోసియేషన్ ఫర్ సెక్సువల్ హెల్త్ 2010లో మొదలుపెట్టింది. స్కూళ్లు, కాలేజీలు ఈ ఒక్కరోజు తతంగం మానేసి, ఆ శ్రమంతా తరగతి పాఠాల మీద పెట్టాలని నా వాదన. యునెస్కో 2018లో సవరించిన మార్గదర్శకాల్లో అయిదేళ్ల పిల్లల నుంచి 18 దాటినవాళ్ల దాకా నాలుగు వయసు బృందాలున్నాయి. చిన్నపిల్లలకు శరీర భాగాల సరైన పేర్లు, ఇష్టంలేని చోట తాకితే ఎవరికి చెప్పాలో నేర్పాలి. పెద్దవాళ్లకు గర్భనిరోధం, సుఖవ్యాధులు, పరస్పర సమ్మతి గురించి చెప్పాలి. అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి గంటసేపు ఉపన్యాసమిస్తే ఎవరికి పనికొస్తుంది?

నీలిమబ్బు
గోరింట గారూ, ఉపన్యాసం దండగే, ఒప్పుకుంటాను. ఆ రోజును ప్రశ్నల పెట్టెకు వాడండి. పెట్టెను వారం ముందే పెట్టాలి. అందరికీ ఒకే సైజు చీటీలు, ఒకే రకం పెన్సిళ్లు ఇవ్వాలి. ప్రశ్న లేనివాళ్లు కూడా ‘ప్రశ్న లేదు’ అని రాసి వెయ్యాలి. ఈ నియమం లేకపోతే కలం కదిపినవాళ్లెవరో పక్కవాళ్లకు తెలిసిపోతుంది, మర్నాటి నుంచి పెట్టె ఖాళీ. చీటీలను ముందే చదివి వేరుచెయ్యాలి. వేధింపు ఛాయలున్నవాటిని వేదిక మీద చదవకూడదు. సాయం కోసం ఎవరిని కలవాలో, పిల్లల రక్షణ కోసం ఏ విషయం రహస్యంగా ఉంచలేమో మొదట్లోనే అందరికీ చెప్పాలి. ఏ పాఠాలు కావాలో ఆ చీటీలే చెప్తాయి.

ల్యాబ్‌కిటికీ
ఆ రోజు పెట్టే హెచ్ఐవీ పరీక్షల శిబిరాల మీదే నాకు ఎక్కువ భయం. వేలి నుంచి తీసిన రక్తపుచుక్కతో చేసే యాంటీబాడీ (వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టే పదార్థం) పరీక్ష, వైరస్ సోకిన 23 నుంచి 90 రోజుల మధ్య గానీ దాన్ని పట్టుకోలేదు. నరం నుంచి తీసిన రక్తంతో ల్యాబ్‌లో చేసే యాంటిజెన్–యాంటీబాడీ పరీక్షకు (ఇది వైరస్‌లోని భాగాన్ని కూడా వెతుకుతుంది) 18 నుంచి 45 రోజులు. పోయిన వారమే వైరస్ సోకే ప్రమాదం ఎదురైనవాళ్లకు ‘నెగటివ్’ కాగితం చేతిలో పెట్టి పంపితే అది తప్పుడు ధైర్యం. పరీక్షకు ముందే ఆ ప్రమాదం ఎదురైన తేదీ అడగాలి, మళ్లీ ఎప్పుడు రావాలో రాసివ్వాలి. అది జరిగిన 72 గంటల్లోపు వచ్చినవాళ్లను వెంటనే పెప్ మందులకు (హెచ్ఐవీ సోకకుండా ఆపడానికి ఇచ్చేవి) పంపాలి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 28 రోజులు వాడాలి. ఇంకొకటి: హెచ్ఐవీ పరీక్షలో క్లమీడియా అనే సుఖవ్యాధి తెలియదు. చాలామందిలో అది ఏ లక్షణమూ చూపించదు, దానికి మూత్రం లేదా స్వాబ్ పరీక్ష వేరుగా చెయ్యాలి.

వేకువ
వేదిక మీద కండోమ్ చూపించి ముగించడం కూడా దండగే. పెద్ద తరగతులవాళ్లను చిన్న బృందాలుగా చేసి, నమూనా మీద వాళ్లతోనే తొడిగించాలి. ముందు గడువు తేదీ. పళ్లతో కాకుండా చేత్తో అంచు చింపాలి. కొస నొక్కి గాలి తీసి, మొదలు దాకా విప్పాలి. తిరగేసి పెట్టారని తెలిస్తే దాన్ని పారేసి కొత్తది తియ్యాలి. నూనె, వ్యాజలిన్ రాస్తే లేటెక్స్ బలహీనపడి చిరుగుతుంది, నీటి ఆధారిత జెల్ వాడాలి. రెండు కలిపి తొడగకూడదు.

గోరింట
ప్రశ్నల పెట్టెకు ఒప్పుకుంటాను. కానీ నీలిమబ్బు గారూ, సెప్టెంబర్ 5న ఆ చీటీలు ఎవరి చేతికి వెళ్తాయి? పాఠం చెప్పే టీచరు పేరు, పీరియడ్ల తేదీలు ముందే ఖరారు కాకపోతే ఆ పెట్టె పెట్టొద్దనే అంటాను.

నీలిమబ్బు
ఆ షరతు న్యాయమే. తేదీలు ఖరారయ్యాకే చీటీలు పంచాలి.