లైనక్స్ ఫోన్లు, ట్యాబ్‌లు రోజూ వాడేవాళ్ళు: తిరుపతి, చిత్తూరు అనుభవాలు ఇక్కడ రాయండి

అలిపిరి_పెంగ్విన్ (తిరుపతి)

మన వైపు లైనక్స్ ఫోన్ (ఆండ్రాయిడ్ బదులు, కంప్యూటర్లలో వాడే లైనక్స్ మీద నడిచేది) నిజంగా జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ళు ఉంటే ఇక్కడ రాయండి. వీడియోలు వెతికితే దొరికేవన్నీ బయటి దేశాల వాళ్ళవే. వాళ్ళకి యూపీఐ గొడవ లేదు, తెలుగు టైపింగ్ గొడవ లేదు, మే నెల ఎండలో బండి మీద తిరిగితే ఫోన్ పెనంలా కాలడం అసలే లేదు.

నా దగ్గర ఉన్నది పోకో ఎఫ్1, 2018 మోడల్. ఆండ్రాయిడ్ అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి, కానీ లోపల ఉన్నది స్నాప్‌డ్రాగన్ 845, 6 జీబీ ర్యామ్, అలాంటిదాన్ని సొరుగులో పడేయడానికి మనసొప్పలేదు. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అని ఫోన్లలో నడిచే లైనక్స్ ఎక్కించాను, దాని మీద ఫోష్, అంటే తెర మీద కనిపించే మెనూలు, ఐకాన్లు చూసుకునేది. ఎక్కించాలనుకునేవాళ్ళు ఒకటి గమనించాలి: ఈ ఫోన్ రెండు రకాల డిస్‌ప్లేలతో వచ్చింది, ఒకటి టియాన్మా, ఇంకోటి ఈబీబీజీ. దేని ఇమేజ్ (ఫోన్లోకి ఎక్కించే సిస్టమ్ ఫైల్) దానిదే, ముందు మీది ఏదో తేల్చుకుని తర్వాతే డౌన్‌లోడ్ చేయండి. షావోమీ ఫోన్ కాబట్టి బూట్‌లోడర్ అన్‌లాక్‌కి, అంటే వేరే సిస్టమ్ ఎక్కనివ్వని తాళం తీయడానికి, మీ అకౌంట్ కలిపి, మామూలుగా 168 గంటలు ఆగాలి, అంటే వారం. ఈ ఆలస్యం చూసి సగంమంది అక్కడే వదిలేస్తారు, వదలకండి.

నేను చేసేది రౌటర్లు, సీసీ కెమెరాలు బిగించే పని. కస్టమర్ ఇంటికెళ్ళి వాళ్ళ వైఫైలో చేరి, ఫోన్లోనే టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే యాప్) తెరిచి, నెట్‌వర్క్‌లో ఏవేం ఉన్నాయో వెతికే ఎన్‌మ్యాప్ కొడితే ఏ కెమెరా ఏ ఐపీ మీద ఉందో వరసగా వచ్చేస్తుంది. అక్కడి నుంచే ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచే లాగిన్ అయ్యే పద్ధతి) రౌటర్లోకి వెళ్ళి సెట్టింగ్ మార్చేస్తా. నిచ్చెన మీద నిలబడి ల్యాప్‌టాప్ పట్టుకునే పని తప్పింది. ఈ ఒక్కదానికే నాకు ఆ ఫోన్ విలువ వచ్చేసింది. కెమెరా మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, పెళ్ళి ఫోటోలకి ఇది పనికిరాదు.

చిత్తూరు_పైన్

పైన్‌ఫోన్ వాడుతున్నాను అన్నా, లైనక్స్ కోసమే తయారైన ఫోన్, 3 జీబీ ర్యామ్ ఉన్నది. హాంకాంగ్ నుంచి వస్తుంది, కస్టమ్స్ డ్యూటీ విడిగా కట్టుకోవాలి, తెప్పించుకునే ముందు ఆ లెక్క కూడా వేసుకోండి. ఇందులో ఆల్‌విన్నర్ ఏ64 చిప్, అది ఫోన్ వచ్చేనాటికే పాతది, కాబట్టి ఫైర్‌ఫాక్స్ తెరిస్తే ఓపిక పట్టాల్సిందే. మీ పోకో పక్కన పెడితే నాది నత్తనడకే.

అయినా నాకు ఇదే ఇష్టం. వెనక మూత గోటితో లాగితే ఊడి వస్తుంది, లోపల ఆరు చిన్న స్విచ్‌లు వరసగా ఉంటాయి: మోడెమ్, వైఫై బ్లూటూత్ కలిపి ఒకటి, మైకు, వెనక కెమెరా, ముందు కెమెరా, హెడ్‌ఫోన్. అంత చిన్నవి కాబట్టి పిన్నీసు మొనతో జరపాలి. మైకు స్విచ్ కిందికి లాగితే మైకు ఆగిపోయినట్టే, ఏ యాప్ ఏం చేసినా వినపడదు. సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్ అని చూపించే బొమ్మ వేరు, కరెంటు తెగ్గొట్టడం వేరు. హెడ్‌ఫోన్ స్విచ్ ఆఫ్ చేస్తే ఆ జాక్‌లో నుంచే సీరియల్ కన్సోల్ వస్తుంది, బూట్ కాకుండా మొరాయించినప్పుడు లోపల ఏం జరుగుతోందో దాంట్లో చదువుకోవచ్చు.

ఇంకో మంచి సంగతి, దీని బ్యాటరీ 2015 నాటి శాంసంగ్ జే7 బ్యాటరీ సైజే. నాది నీరసించినప్పుడు చిత్తూరు గాంధీ రోడ్డులో షాపుకెళ్ళి జే7 బ్యాటరీ అడిగి తెచ్చి పెట్టేశాను. స్క్రూడ్రైవర్ అవసరమే రాలేదు.

బైరాగిపట్టెడ_రాజా

అంతా బాగానే ఉంది గానీ, టీ కొట్టు దగ్గర పది రూపాయలు స్కాన్ చేయలేని ఫోన్ మన దేశంలో ఎవరికి కావాలి సామీ? వ్యతిరేకంగా అనడం లేదు, నిజంగానే అడుగుతున్నా. కాల్స్ అయినా వస్తాయా?

చిత్తూరు_పైన్

అడగాల్సిన ప్రశ్నే. రెండూ విడివిడిగా చెప్తా.

కాల్స్ విషయం మీ సిమ్ మీద ఆధారపడి ఉంటుంది. జియోకి 2జీ, 3జీ లేవు, కాబట్టి వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే పద్ధతి) పని చేయకపోతే నెట్ వస్తుంది కానీ కాల్ మాత్రం రాదు. ఎయిర్‌టెల్, వీఐలకి 2జీ ఇంకా ఉంది, కాల్ వచ్చినప్పుడు ఫోన్ 2జీకి దిగి మాట్లాడిస్తుంది, ఆ కాసేపు డేటా ఆగుతుంది. పైన్‌ఫోన్ మోడెమ్‌కి వోల్టీ ఉంది, కంపెనీ ప్రొఫైల్ సరిగ్గా ఎంచుకోవాలి. ఫోన్ నిద్రలో ఉంటే మోడెమ్ దాన్ని లేపి, అది లేచి, అప్పుడు రింగ్ అవుతుంది, కాబట్టి అవతలివాళ్ళు రెండు రింగులకే పెట్టేసే రకమైతే మీకు మిస్డ్ కాలే మిగులుతుంది. ఆస్పత్రి, ఆఫీసు కాల్స్ కోసం చూసే మనిషికి ఇదొక్కటే ఫోన్‌గా నేను చచ్చినా సిఫారసు చేయను.

యూపీఐ కథ వేరు. వేడ్రాయిడ్ అని ఒకటుంది, లైనక్స్ లోపలే ఆండ్రాయిడ్‌ని ఒక కంటెయినర్‌లో, అంటే విడి గదిలాంటి దాంట్లో నడుపుతుంది. యాప్ తెరుచుకుంటే తెరుచుకోవచ్చు, కానీ మొదట్లోనే మీ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ పంపి నంబర్‌ని ఆ ఫోన్‌తో ముడేస్తుంది కదా, వేడ్రాయిడ్ లోపల నుంచి సిమ్ అందదు, అక్కడే ఆగిపోతుంది. దానికి తోడు ఇది అసలైన ఆండ్రాయిడ్ ఫోనేనా అనే పరీక్ష ఒకటి. కిటుకులు వెతుక్కుంటూ కూర్చోవద్దు, డబ్బుతో వ్యవహారం.

నేను చేసేది *99#. యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ వాళ్ళదే, ఇంటర్నెట్ అక్కర్లేదు, గ్నోమ్ కాల్స్ యాప్‌లో డయల్ చేస్తే మెనూ వస్తుంది, నంబరో యూపీఐ ఐడీయో కొట్టి, మొత్తం కొట్టి, పిన్ కొట్టడమే. ఒక్కసారికి 5,000 రూపాయల వరకు. క్యూఆర్ స్కానింగ్ ఉండదు, కొట్టువాళ్ళ నంబర్ అడగాలి, వెనక నలుగురు నిలబడి ఉంటే ఇబ్బందే. అందుకే చిల్లర జేబులో ఉంచుకుంటా.

పలమనేరు_మొబైల్స్

నాది రిపేర్ షాపు. లైనక్స్ నేను వాడను గానీ, కుర్రాళ్ళు వన్‌ప్లస్ 6, 6టీ, పోకో ఎఫ్1 పట్టుకుని వస్తుంటారు కాబట్టి నా వైపు నుంచి ఒక మాట. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఫోన్‌ని టేబుల్ మీద వెల్లకిలా పెట్టి వేలితో అంచు నొక్కండి. ఊగితే, లేదా వెనక మూతకీ ఫ్రేముకీ మధ్య గోరు దూరేంత సందు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. అలాంటిది కొనొద్దు, కొన్నా ముందు బ్యాటరీ మార్చాకే సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్ళండి.

ఇంకోటి, పాత ఫోన్‌ని సర్వర్ చేశామని ఇరవైనాలుగు గంటలూ చార్జర్‌కి తగిలించి బీరువా పైన పెడుతున్నారు. నూటికి నూరు శాతం చార్జ్‌లో, వేడిలో అలా ఉంచితే లిథియం బ్యాటరీ ఉబ్బక మానదు. మన ఊళ్ళ ఎండాకాలం ఎలా ఉంటుందో తెలుసు కదా. కనీసం టైమర్ ఉన్న ప్లగ్ పెట్టండి, రోజుకి కాసేపు మాత్రమే చార్జ్ అయ్యేట్టు, పైన బట్టలు కప్పకండి.

అలిపిరి_పెంగ్విన్

అన్నా, ఇది చాలా అవసరమైన మాట. నా స్నేహితుడు పాటల సర్వర్ అలాగే నడుపుతున్నాడు, ఇప్పుడే లింక్ పంపుతున్నా. కొన్ని ఫోన్లలో చార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపమని లైనక్స్‌కే చెప్పొచ్చు, కానీ దానికి డ్రైవర్ (ఆ హార్డ్‌వేర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఒప్పుకోవాలి, అన్నింట్లో కుదరదు. ప్లగ్ టైమర్ అయితే దేనికైనా పని చేస్తుంది.

ఏర్పేడు_హాస్టల్

నాది వన్‌ప్లస్ 6, ఇంజినీరింగ్ చదువుతున్నా. బూట్‌లోడర్‌కి వారం ఆగే పని లేదు, ల్యాప్‌టాప్‌కి తగిలించి ఫాస్ట్‌బూట్ అనే టూల్‌తో ఒక్క కమాండ్, లోపలి డేటా మాత్రం మొత్తం పోతుంది. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వాళ్ళు ముందే తయారుచేసిన ఇమేజ్‌లో పాస్‌వర్డ్ 147147, మొదటిసారి లోపలికి వెళ్ళగానే మార్చేయండి. స్క్రీన్ మీద ఏమీ రాకపోయినా కంగారు పడకుండా యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించి (ఇమేజ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ ఆన్ అయి ఉంటే) 172.16.42.1కి ఎస్‌ఎస్‌హెచ్ కొట్టి చూడండి, చాలాసార్లు లోపల అంతా నడుస్తూనే ఉంటుంది.

నేను ఎక్కువగా కష్టపడింది తెలుగు కోసం. మొదట తెలుగు వెబ్‌సైట్ తెరిస్తే అన్నీ డబ్బాలే కనిపించాయి, నోటో తెలుగు ఫాంట్ ప్యాకేజ్ వేసుకుంటే చదవడం వచ్చేసింది. రాయడమే తంటా. ఫోష్‌లో ఉండే స్క్వీక్‌బోర్డ్ కీబోర్డ్‌కి మనకి కావాల్సిన లేఅవుట్ మనమే యామల్ అనే మామూలు టెక్స్ట్ ఫైల్‌గా రాసి హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకోవచ్చు. నేను ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డ్) వరసే తీసుకుని రాశాను. క్ష రావాలంటే క, పొల్లు, ష వరసగా కొట్టాలి, అక్షరాలు అమర్చే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ వాటిని కలిపి ఒక్క అక్షరంగా గీస్తుంది. ఇంట్లో అమ్మకి మెసేజ్‌లు దీంతోనే తెలుగులో పెడుతున్నా. టెర్మినల్‌లో మాత్రం తెలుగు సరిగ్గా కనపడదు, అక్కడ ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు గడి కాబట్టి ఒత్తులూ గుణింతాలూ చెల్లాచెదురవుతాయి. ఫైల్ పేర్లు ఇంగ్లీషులోనే ఉంచుకోండి.

తిరుచానూరు_సుధ

ట్యాబ్ సంగతి ఎవరైనా చెప్తారా? మా పాపకి చదువుకోవడానికి, బొమ్మలు వేసుకోవడానికి లైనక్స్ ట్యాబ్ ఇద్దామని ఉంది. పైన్‌ట్యాబ్ 2 బాగుంటుందా?

చిత్తూరు_పైన్

అక్కా, పైన్‌ట్యాబ్ 2 గురించి ఒకటి తెలిసి ఉండాలి. 2023లో అది వచ్చినప్పుడు లోపలి వైఫై చిప్‌కి పనిచేసే డ్రైవరే లేదు, కొన్నవాళ్ళు యూఎస్‌బీ వైఫై డాంగిల్ తగిలించి వాడారు. అది డెవలపర్ల కోసం వచ్చిన సరుకు. పాపకైతే వద్దు. పాత మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ గో లాంటిది సెకండ్ హ్యాండ్‌లో వెతకండి, లైనక్స్ సర్ఫేస్ ప్రాజెక్ట్ వాళ్ళ కెర్నల్ (లైనక్స్‌లో హార్డ్‌వేర్‌ని నడిపే అసలు భాగం) వేసుకుంటే టచ్, పెన్ను పనిచేస్తాయి, మామూలు పీసీ చిప్పే కాబట్టి బొమ్మలు వేసే క్రీటా, పిల్లల చదువు ఆటల జీకాంప్రి లాంటివన్నీ ఇబ్బంది లేకుండా ఎక్కుతాయి. చెన్నై వెళ్ళే పని ఉంటే రిచీ స్ట్రీట్‌లో అడగండి, కానీ అక్కడే ఆన్ చేయించి టచ్ నాలుగు మూలలా చూసి తీసుకోండి.

దామలచెరువు_తోట

ఫోన్ కాదు గానీ గ్యాడ్జెట్లు అన్నారు కాబట్టి రాస్తున్నా. మాది మామిడి తోట, తోతాపురి ఎక్కువ. బోరు దగ్గర షెడ్డులో రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న లైనక్స్ కంప్యూటర్ బోర్డు పెట్టాను, దానికి డీఎస్18బీ20 అని వాటర్‌ప్రూఫ్ ఉష్ణోగ్రత సెన్సర్, నేల తేమకి ఇంకో సెన్సర్. తేమ సెన్సర్ అనలాగ్ ది, రాస్ప్‌బెర్రీ పై బోర్డుకి అనలాగ్ పిన్నులు ఉండవు, అందుకని మధ్యలో అనలాగ్‌ని డిజిటల్‌గా మార్చే ఎంసీపీ3008 అనే చిన్న చిప్ పెట్టాలి, అది కొనకుండా తగిలించి రీడింగ్ రావట్లేదని చాలామంది విసుక్కుంటారు. చౌక తేమ సెన్సర్లలో లోహం కాళ్ళు ఉన్నవి మట్టిలో తుప్పు పట్టి పోతాయి, కెపాసిటివ్ రకం తీసుకోండి, కాస్త ఖరీదైనా ఎక్కువకాలం ఉంటుంది.

అసలు బాధ కరెంటు. మా వైపు సరఫరా ఎప్పుడు పోయి ఎప్పుడు వస్తుందో చెప్పలేం, రాసే సమయంలో కరెంటు పోతే ఎస్‌డీ కార్డు చెడిపోతుంది. దీనికి మందు బోర్డు సెట్టింగుల టూల్ రాస్పి-కాన్ఫిగ్‌లోనే ఉంది, ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ అని. అది ఆన్ చేస్తే కార్డు మీద ఏమీ రాయదు, అంతా ర్యామ్‌లోనే, ఎన్నిసార్లు కరెంటు పోయినా మళ్ళీ తాజాగా లేస్తుంది. రీడింగులు మాత్రం పోతాయి కాబట్టి వాటిని ఎప్పటికప్పుడు ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌కి పంపించేస్తాను. ఏ వరసకి తడి సరిపోయిందో చూసి మోటార్ ఆపుతున్నాం. మా నాన్న మొదట్లో పట్టించుకోలేదు, ఇప్పుడు పొద్దున్నే తనే అడుగుతున్నాడు, ఈరోజు ఎంత చూపిస్తోంది అని.

అలిపిరి_పెంగ్విన్

అన్నా, ఇది విడిగా రాయాల్సినంత ఉంది. వైరింగ్ ఫోటో ఉంటే పెట్టండి.

రిటైర్డ్_తెలుగు_మేష్టారు

నేను కోబో ఈ ఇంక్ రీడర్‌లో (కాగితంలా కనిపించే తెర ఉన్న పుస్తకాల పరికరం) కేఓరీడర్ అనే చదివే యాప్ వేసి వాడుతున్నాను, మా మనవడు పెట్టిచ్చాడు. కోబో లోపల ఉన్నది లైనక్సే, కిండిల్‌లోనూ అదే. తెలుగు ఫాంటు ఫైలు కేఓరీడర్ ఫోల్డర్‌లోని ఫాంట్స్‌లో వేస్తే చాలు, ఈపబ్ పుస్తకాలు మండలి, సురన్న వంటి ఫాంట్లలో హాయిగా చదువుకోవచ్చు. స్కాన్ చేసిన పాత పుస్తకాల పీడీఎఫ్‌లకి అంచుల్లో బోలెడంత ఖాళీ ఉంటుంది కదా, కేఓరీడర్ ఆ అంచులు కత్తిరించి అక్షరం పెద్దది చేసి చూపిస్తుంది. కళ్ళకి శుక్లాల ఆపరేషన్ అయిన నాకు ఇది ఎంత మేలు చేసిందో చెప్పలేను. వెలుతురు బాగున్న వరండాలో కూర్చుంటే కాగితం చదివినట్టే ఉంటుంది.

ఏర్పేడు బాబూ, మీ కీబోర్డులో అరసున్నా, బండి ఱ ఉన్నాయా? పద్యాలు రాసుకునేవాళ్ళకి అవి లేకపోతే కుదరదు.

ఏర్పేడు_హాస్టల్

ఉన్నాయి సార్. ఇన్‌స్క్రిప్ట్‌లో ర ఉన్న మీటకే షిఫ్ట్ కలిపితే ఱ, సున్నా మీటకి షిఫ్ట్ కలిపితే అరసున్నా. నేను అదే వరస ఉంచాను, పైన బాణం మీట నొక్కితే ఆ పేజీ వస్తుంది. తెలుగు అంకెలు ఇంకా చేర్చలేదు, ఈ సెలవుల్లో చేర్చి ఫైల్ ఇక్కడే పెడతా. ఫోష్ వాడే ఎవరైనా దించుకుని, తప్పులుంటే చెప్పండి.