సైటు బ్లాక్ అయింది, డౌన్‌లోడ్ మాత్రం ఆగలేదు. ఎలా?

ప్రశ్న: మా బ్యాండ్ పాటలు మేమే ఉచితంగా టొరెంట్‌లో పెట్టుకున్నాం. ఇప్పుడు ఆ సైటు తెరిస్తే కోర్టు ఆదేశం మేరకు నిలిపివేశామని నోటీసు వస్తోంది. ఎవరో దొంగపాటలు పెడితే మావీ పోయాయి, సరే. నాకర్థం కానిదేంటంటే, అంతకుముందు సగంలో ఉన్న డౌన్‌లోడ్ హాయిగా పూర్తయింది. సైటే లేనప్పుడు ఫైలు ఎక్కడి నుంచి వచ్చినట్టు?

జవాబు 1: ఆ సైటులో పాటలు ఎప్పుడూ లేవండీ. అక్కడుండేది మాగ్నెట్ లింక్, అంటే ఫైలును గుర్తుపట్టే ఒక పొడవాటి అంకెల, అక్షరాల వరస. టొరెంట్‌లో ఫైలు ముక్కలుముక్కలుగా వచ్చేది మీలాంటి వాళ్ల కంప్యూటర్ల నుంచి. ఇంటర్నెట్ ప్రొవైడర్ చాలాసార్లు చేసేది డీఎన్‌ఎస్‌లో, అంటే సైటు పేరు చెబితే దాని అడ్రస్ చెప్పే వ్యవస్థలో, ఆ పేరుకు తప్పుడు జవాబివ్వడమే. అలా కాక ఐపీ అడ్రస్‌నే, అంటే సైటున్న సర్వర్ నంబర్‌నే ఆపితే, అదే అడ్రస్ పంచుకునే సంబంధం లేని సైట్లూ మూతపడతాయి. అది ఇంకా అన్యాయం.

జవాబు 2: పాటలు పంచుకునే పాత సర్వీసు నాప్‌స్టర్‌కు సెంట్రల్ సర్వర్ ఉండేది కాబట్టి 2001లో అది ఆగగానే కథ ముగిసింది. టొరెంట్ అలా కాదు. బ్రిటన్ హైకోర్టు 2012లో పైరేట్ బే అనే టొరెంట్ సైటును బ్లాక్ చేయమంటే, దాన్ని వేరే అడ్రస్ నుంచి చూపించే ప్రాక్సీ సైట్లు పుట్టగొడుగుల్లా లేచాయి. అలాగని బ్లాకింగ్ దండగ అననండి. దారి వెతుక్కునే ఓపిక లేనివాళ్లు ఆగిపోతారు.

ప్రశ్నించినవారు: మరి మా పాటల సంగతి?

జవాబు 1: మాగ్నెట్ లింక్ మీ సొంత పేజీలో పెట్టేయండి. సీడింగ్ మాత్రం, అంటే మీ కంప్యూటర్ నుంచి ఆ ఫైలును ఇతరులకు పంపడం, ఆపకండి.